శేషం ఇరవై రూపాయలు

మా లెక్కల టీచరుగారు పోయారు. మొన్న శ్రావణమాసంలో ఒక గురువారం, పొద్దున పదిన్నర ప్రాంతంలో ఆవిడ తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. నేను అప్పుడు కొట్లో గృహప్రవేశం వాళ్ళ ఆర్డరు చేస్తున్నాను. అరవై స్టీలు డబ్బాలు, ప్రతి డబ్బా మీదా ఆలుమగల పేర్లూ తేదీ కొట్టాలి. పేర్లు కొట్టే మిషను కుడిచేతిలో ఉంది, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను.

"అక్క పోయిందయ్యా. నిద్రలోనే పోయింది. పాలాయన తలుపు కొడితే తియ్యలా" అన్నాడాయన.

"అట్టాగా బాబాయ్" అన్నాను. వస్తున్నానని కూడా అన్నాననుకుంటాను.

ఫోను పక్కన పెట్టి, చేతిలో ఉన్న డబ్బాకి సగంలో ఆగిన పేరు పూర్తి చేశాను. తర్వాత దానికి, ఆ తర్వాత దానికి కూడా కొట్టాను. అలా మిగిలిన ఇరవై మూడు డబ్బాలూ పూర్తిచేసి, గుడ్డతో తుడిచి, అట్టపెట్టెల్లో సర్ది, అప్పుడు షట్టరు దించాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ జరిగింది అదే. ఏడుపు వస్తుందేమోనని దారంతా చూశాను. రాలేదు. ఇది రాస్తున్న ఇవాళ్టికీ రాలేదు.

నరసరావుపేటలో మా వీధిలో పెరిగినవాళ్ళకి ఆవిడ గురించి చెప్పాల్సిన పని లేదు. మిగతావాళ్ళ కోసం చెప్తున్నాను. ఒక ప్రైవేటు హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పారు. ప్రైవేటు కాబట్టి పెన్షను లేదు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం మాలో ఎవరికీ ఉండేది కాదు. వాళ్ళ నాన్న వదిలివెళ్ళిన రెండు గదుల ఇల్లుంది. కారంపూడి దగ్గర ఊళ్ళో వ్యవసాయం చేసుకునే తమ్ముడున్నాడు. గడియారం మణికట్టు లోపలి వైపుకి పెట్టుకునేవారు. కొత్త చాక్‌పీసుని రెండుగా విరిచి, సగం రేపటికి అని డబ్బాలో వేసేవారు. ముప్పై ఒక్క ఏళ్ళూ ఆవిడ సగం చాక్‌పీసుతోనే పాఠం చెప్పారని మేము నవ్వుకునేవాళ్ళం.

ఆవిడ నోట్లో ఎప్పుడూ ఆడే మాట ఒకటుంది. "శేషం?" భాగహారం లెక్క ఎవరు చేసినా, జవాబు సరిగా వచ్చినా, ఆవిడ అడిగేది అదే. నేను భాగఫలం రాసి, కింద గీత గీసి, లేచిపోయే రకాన్ని. మిగిలింది రాసేవాణ్ణి కాదు. ప్రతిసారీ అర మార్కు కొట్టేసేవారు. ఒకసారి ఎదురుచెప్పాను, "రెండేగా టీచర్ మిగిలింది, రాయకపోతే ఏంది?" అని. ఆవిడ కోప్పడలేదు. "రెండు మిగిలితే రెండు మిగిలిందని రాయాలి. నువ్వు రాయనంత మాత్రాన అది లేకుండా పోదురా" అన్నారు. పదో తరగతి లెక్కల్లో ముప్పై ఎనిమిది మార్కులతో బయటపడ్డాను. అందులో ఆవిడ పాపం పావలా వంతు కూడా లేదు, అంతా నా పుణ్యమే.

ఒక్క వడ్డీ లెక్కలు మాత్రం మా క్లాసులో అందరికీ వచ్చేవి. పుస్తకంలో 'సంవత్సరానికి పన్నెండు శాతం' అని ఉంటే మాకు బుర్రకెక్కేది కాదు. ఆవిడ దాన్ని మా ఇళ్ళల్లో మాటలోకి దించారు. "నూటికి నెలకి రూపాయి. మీ ఇంట్లో రూపాయి వడ్డీ అంటారే, అది" అనేవారు. మిరపకాయల మీదో పత్తి మీదో అప్పు తెచ్చుకోని ఇల్లు మా క్లాసులో లేదు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏమిటో, మూడు రూపాయలంటే ఏమిటో ఒకటో ఎక్కం కంటే ముందే మాకు తెలుసు. రూపాయి వడ్డీని మా వైపు ధర్మవడ్డీ అంటారు. అంతకంటే తక్కువకి ఎవరైనా ఇచ్చారంటే వాడు మేనమామన్నా అయ్యుండాలి, అమాయకుడన్నా అయ్యుండాలి.

ఆవిడ రిటైరయిన ఏడాది, ఒక మధ్యాహ్నం మా కొట్టుకి వచ్చారు. అప్పటికి నాన్న తర్వాత స్టీలు సామాన్ల కొట్టు నా చేతికొచ్చి పదేళ్ళయింది. చేతిలో గుడ్డసంచి, సంచిలో బ్యాంకు రసీదు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఒరేయ్, మంచి క్యారేజీ చూపించు. మూడు గిన్నెలది."

"ఎవరికి టీచరుగారూ?"

"నా పెద్దకర్మకి."

నవ్వబోయాను. తప్పు జవాబు చెప్పిన పిల్లాడి వంక చూసినట్టు చూశారు. నవ్వు నోట్లోనే ఆగిపోయింది.

మా వైపు ఆచారం తెలియని వాళ్ళకి ఒక మాట. పెద్దకర్మ రోజు భోజనానికి వచ్చినవాళ్ళకి, పోయినవాళ్ళ పేరు కొట్టించిన గిన్నో గ్లాసో పంచిపెట్టడం కొన్ని ఇళ్ళల్లో ఉంది. మా వ్యాపారంలో సగం పెళ్ళిళ్ళ మీద నడిస్తే, మిగతా సగంలో పెద్ద భాగం దీని మీదే నడుస్తుంది. సాధారణంగా కొడుకులు వచ్చి ఆర్డరిస్తారు. పోవాల్సిన మనిషే ముందుగా వచ్చి చూసుకోవడం నాకదే మొదటిసారి, చివరిసారి కూడా.

క్యారేజీ గొళ్ళెం నాలుగుసార్లు వేసి తీసి చూశారు. గోటితో మీటి మోత విన్నారు. ధర అడిగితే నాలుగు వందలన్నాను.

"రెండు వందల నలభై మంది. ఎంతయింది?"

నా చెయ్యి కాలిక్యులేటర్ మీదకి పోయింది. "సిగ్గులేదురా" అన్నారు. తొంభై ఆరు వేలని నోటితోనే చెప్పాను.

రెండు వందల నలభై మంది ఎవరెవరో ఆవిడ దగ్గర జాబితా ఉంది. మా వీధి ఇళ్ళు, తమ్ముడి ఊళ్ళో చుట్టాలు, పాత టీచర్లు, ట్యూషను పిల్లల తల్లిదండ్రులు, తరచూ కనపడే మాలాంటి పాత విద్యార్థులు. స్కూలు వాళ్ళిచ్చింది రెండు లక్షలు. బ్యాంకులో వేశారు. ముప్పావలా వడ్డీ. పదిహేను వందలు నెలనెలా వస్తాయి, దానికి ట్యూషన్ల డబ్బులు కలుపుకుంటే గడిచిపోతుంది. అసలు మాత్రం ముట్టుకోరు. "అసలు దీనికి, ఆ రోజు భోజనాలకి" అని క్యారేజీ మూత మీద వేలితో కొట్టి చూపించారు.

అంత పంతం ఎందుకని అడిగాను. అప్పుడు చెప్పారు. ఆవిడకి పన్నెండేళ్ళప్పుడు వాళ్ళ తాతగారి కర్మ జరిగిందట. పంట పోయిన ఏడు. పప్పూ, వంకాయ కూరా, మజ్జిగా పెట్టి పంపించారు. ఆవిడ వాకిట్లో విస్తళ్ళు తీస్తుంటే, దూరపు బంధువొకావిడ బండెక్కుతూ, "చేతులూపుకుంటా వచ్చాం, చేతులూపుకుంటా పోతున్నాం" అందట. అంతే. ఆ మాటకి వాళ్ళమ్మ బతికినంత కాలం తలొంచుకునే ఉందని చెప్పారు. "నా తమ్ముణ్ణి ఎవరూ ఆ మాట అనకూడదురా. వాడికి నా మీద ఖర్చు ఉండకూడదు" అన్నారు.

ఆ క్యారేజీ మీద నాచేత తన పేరు పూర్తిగా కొట్టించారు, ఇంటిపేరుతో సహా. డబ్బులిచ్చి, దాన్ని మాత్రం ఇంటికి తీసుకెళ్ళలేదు. "నమూనా. నీ దగ్గరే ఉండనీ" అన్నారు. పై అరలో పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

మూడేళ్ళకొకసారి డిపాజిట్ తిరగరాయించుకునేవారు. బ్యాంకులోంచి నేరుగా మా కొట్టుకే వచ్చేవారు. రెండోసారి వచ్చినప్పుడు వడ్డీ కొంచెం దిగింది, స్టీలు కేజీ రేటు కొంచెం ఎక్కింది. మూడు గిన్నెల క్యారేజీ రెండు గిన్నెలదయింది. "ఇద్దరే ఉండే ఇళ్ళు ఎక్కువయినయ్యి గదా, ఇదే మేలు" అన్నారు. నేను కూడా అవునన్నాను. ఆవిడ మాటని నమ్మాలని ఇద్దరికీ ఉంది.

మూడోసారికి వడ్డీ అర్ధరూపాయి దాటి ఏ నాలుగైదు పైసలో ఉంది. ట్యూషను పిల్లలు తగ్గారు. కార్పొరేటు స్కూళ్ళు పొద్దుగూకేదాకా పిల్లల్ని వదలడం లేదు, ఇంక ట్యూషనుకి ఎవరొస్తారు? ఆవిడ మూతగిన్నెలు చూపించమన్నారు. ఈసారి నేను తెలివి చూపించాననుకున్నాను. నాలుగు వందల గిన్నెని మూడు వందలని చెప్పాను. తలూపి వెళ్ళిపోయారు. గంట తర్వాత తిరిగొచ్చారు. ఎదురుగా ఉన్న కొట్లో అదే గిన్నె తూకం వేయించి, కేజీ రేటు కట్టించి, కాగితం మీద రాసుకుని మరీ వచ్చారు.

"నాకు లెక్క రాదనుకున్నావా, రాకుండా పోవాలనుకున్నావా?" అన్నారు.

కొట్లో నలుగురు కొనేవాళ్ళున్నారు. తలెత్తలేకపోయాను. రెండు నెలలు నాతో మాట్లాడలేదు. వీధిలో ఎదురుపడితే గడియారం చూసుకుంటూ పోయేవారు. చివరికి మా ఆవిడ ఒక గిన్నెలో చింతకాయ పచ్చడి పెట్టుకుని వెళ్ళి కూర్చుంటే, "వాణ్ణి కూడా రమ్మను" అన్నారట.

ఇక కరోనా. ట్యూషన్లు పూర్తిగా పోయాయి. ఉన్న నలుగురు పిల్లలూ ఫోన్లలో పాఠాలు వింటున్నారు. ఆవిడ దగ్గర బటన్ ఫోనే ఉంది. ఆ తర్వాత డిపాజిట్ తిరగరాయించినప్పుడు వడ్డీ నలభై ఆరు పైసలు. మా ఊళ్ళో ఆ అంకెని వడ్డీ అని ఎవరూ అనరు. నెలకి తొమ్మిది వందల చిల్లర చేతికొచ్చేది. గ్యాస్ బండ కూడా అప్పుడు తొమ్మిది వందల చిల్లరే. పాలు, బీపీ మాత్రలు, కరెంటు బిల్లు, వీటన్నిటికీ అసలులోంచి కొరకడం మొదలయింది. ఆవిడ అర లీటరు పాల ప్యాకెట్టు మానేసి పావు లీటరు తెచ్చుకుంటున్నారని మా ఆవిడ చెప్పింది.

ఆ ఏడాది వచ్చినప్పుడు మొదటిసారి స్టూలు మీద కూర్చున్నారు. మంచినీళ్ళు అడిగి తాగారు. ఆ తాగిన గ్లాసునే తిప్పి తిప్పి చూసి, "ఇదెంత?" అన్నారు.

చానా రోజులుగా అనుకుంటున్న మాట అనేశాను. "టీచరుగారూ, ఆ డబ్బు నాకివ్వండి. నేను బజార్లో రెండు రూపాయలకి తెచ్చి సరుకు పోస్తున్నా. మీకు రూపాయి ఇస్తా. ధర్మవడ్డీయే. నాకూ లాభమే గదా."

లాభం మాట అబద్ధం కాదు. ఆవిడ ఒప్పుకుంటే నాకు నిజంగానే కలిసొచ్చేది. ఆవిడకి నెలకి రెండింతలు వచ్చేది. ఈ మాట మీరు కూడా అనేవాళ్ళే.

ఆవిడ గ్లాసు కింద పెట్టారు. "వద్దురా. ఇప్పుడు నేను నీకు లెక్కలు చెప్పిన టీచర్ని. రేపట్నుంచి నీకు అప్పిచ్చినదాన్ని అవుతా. ఒకటో తారీకు నువ్వు నన్ను చూసి తల తిప్పుకోవాల్సి వస్తే, ఆ వడ్డీ నాకు అరగదు" అన్నారు.

"నేనట్టా చేస్తానా?"

"నువ్వు చెయ్యవు. నీ కొట్టు బాగోకపోతే చేయిస్తుంది."

బయట ఆటో వాడెవడో ఎవరితోనో గొడవపడుతున్నాడు. ఆవిడ ఉన్నట్టుండి నవ్వారు. ఆవిడ నవ్వడం నేను తక్కువ చూశాను.

"ఎంతమందికి చెప్పానురా చక్రవడ్డీ. ముప్పై ఒక్క ఏళ్ళు. ఒక్క లెక్కలోనన్నా, ఆ డబ్బుతో కొనబోయే వస్తువు ధర కూడా చక్రవడ్డీకే పెరుగుద్దని చెప్పానా? పుస్తకంలో లేదు, నేనూ చెప్పలేదు. నా లెక్క నేనే తప్పు చేశా. డబ్బు ఒక్కటే పెరుగుద్దనుకుని, గిన్నె అక్కడే కూర్చోనుంటది అనుకున్నా."

అందులో మీ తప్పేముంది అని అందామనుకున్నాను. ఆవిడకి ఓదార్పు మాటలు గిట్టవు. గ్లాసు డెబ్భై అయిదు అని ధర చెప్పాను, నిజం ధరే. రాసుకున్నారు.

ఆఖరుసారి వచ్చింది నిరుటి మాఘమాసంలో. కన్ను ఆపరేషనయింది, నల్లద్దాలు పెట్టుకుని వచ్చారు. ఆపరేషనుకీ, కారంపూడి నుంచి తమ్ముణ్ణి పిలవకుండా తోడు పెట్టుకున్న మనిషికీ కలిపి అసలు ఇంకో పెద్ద ముక్క కరిగిందని ఆవిడ చెప్పలేదు. తర్వాత తెలిసింది. డిపాజిట్ తిరగరాయించలేదని మాత్రం చెప్పారు. "మొత్తం తీసేశా. బ్యాంకులో ఉన్నా ఒకటే, బీరువాలో ఉన్నా ఒకటే. అక్కడుంటే మళ్ళీ మళ్ళీ వెళ్ళి ఎంత తగ్గిందో చూసుకోవాలి" అన్నారు. బీరువాలో మూడు కవర్లు పెట్టానన్నారు.

తర్వాత స్పూన్లు చూపించమన్నారు.

నేను మంచి గట్టి స్పూను తీశాను, కాడ వెడల్పుది. ఇరవై ఎనిమిది రూపాయలు. వంచి చూశారు, వంగలేదు. "పేరు పడుతుందా?" అన్నారు. ఇంటిపేరుతో పట్టదని చెప్పాను. ఇంటిపేరు తీసేసినా పట్టదు, ఆవిడ పేరు పొడుగు.

"టీచరు అని కొట్టు. చాలు" అన్నారు.

కొట్టి చూపించాను. మూడక్షరాలు, కాడ మీద సరిగ్గా సరిపోయాయి. నల్లద్దాలు పైకెత్తి, స్పూను కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూశారు. "చేతిరాత బాగుపడింది" అన్నారు. నాకు యాభై రెండేళ్ళు. ఆ మాటకి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆవిడ బతికుండగా నాకు వేసిన ఆఖరి మార్కు అదే.

ఆ స్పూను కూడా వెనక్కిచ్చేశారు. అమ్ముకోమన్నారు. దాని మీద టీచరు అని ఉంది గదా, ఎవరు కొంటారు అంటే, "ఊళ్ళో నేనొక్కదాన్నేనా టీచర్ని" అన్నారు. నిజమే, వారం తిరక్కుండా ఎవరో కొనుక్కెళ్ళారు.

ఆవిడ పోయిన నాలుగో రోజున తమ్ముడు మా కొట్టుకి వచ్చాడు. భుజం మీద తువ్వాలు, చేతిలో పాత ఇన్‌ల్యాండ్ కవరంత చిన్న కవరు. "ఇది నీకిమ్మని రాసి పెట్టింది" అన్నాడు. కవరు మీద ఆవిడ చేతిరాతతో ఇలా ఉంది: స్పూన్లు. 240 × 28 = 6720. శేషం 20. లోపల ఆరు వేల ఏడు వందల నలభై రూపాయలు. ఇరవై మాత్రం నాలుగు అయిదు రూపాయల బిళ్ళలు.

స్పూను ఇప్పుడు ముప్పై రెండు.

ఆ మాట ఆయనతో వెంటనే చెప్పలేదు. కాగితం తీసుకుని చేత్తోనే భాగించాను, కాలిక్యులేటర్ ముట్టుకోలేదు. రెండు వందల పది వచ్చాయి. శేషం ఇరవై. ఆవిడ మాఘమాసంలో వేసుకున్న లెక్కకీ ఇప్పటికీ మధ్య శేషం మారలేదు, ముప్పై మంది మాత్రం తగ్గిపోయారు.

చెప్పాక తమ్ముడు తువ్వాలు అంచుతో మొహం తుడుచుకున్నాడు. "పోనీ నేనేస్తాలే ఆ ముప్పైకి. అంత లేనోణ్ణేం కాదు" అన్నాడు.

"మీ మీద పైసా పడకూడదన్నారు బాబాయ్."

"మరి నువ్వే ఇరవై ఎనిమిదికి లెక్కేసుకో. వెయ్యి రూపాయలు కూడా కాదు. చూడొచ్చిందా ఏంది?"

చూడొచ్చే మనిషి లేదు. అది నిజమే. నేను గల్లాపెట్టె ముందు కూర్చుని ఉన్నాను, ఎదురుగా కొట్టు నిండా స్పూన్లున్నాయి. వెయ్యి రూపాయలు నాకు ఒక లెక్క కాదు. కానీ ఎదురుగా ఉన్న కొట్టులోంచి తూకం వేయించుకుని ఆవిడ రోడ్డు దాటి వస్తున్నట్టే అనిపించింది. ఒకసారి చేశాను ఆ పని. రెండోసారి చేస్తే ఇంక నాతో ఎప్పటికీ మాట్లాడరు. ఈ ఆలోచన తలకాయ ఉన్నవాడు చేసేది కాదని నాకు తెలుసు. అయినా చెయ్యలేకపోయాను.

రెండు వందల పది స్పూన్లు లెక్కపెట్టి పక్కన పెట్టాను. ఆ సాయంత్రం ఆవిడ జాబితాలో ఉన్న నాలాంటి పాత విద్యార్థులకి, ఇరవై తొమ్మిది మందికి, ఫోన్లు చేశాను. ఎక్కువ చెప్పలేదు. "పెద్దకర్మకి రండి. భోంచెయ్యండి. స్పూను మాత్రం తీసుకోవద్దు. టీచరుగారి లెక్కలో ముప్పై తగ్గినయ్యి" అన్నాను. ఒక్కడు కూడా ఎందుకని అడగలేదు. ఒకడు మాత్రం, దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు, "శేషం ఎంత?" అన్నాడు. ఇరవై అన్నాను. ఫోను పెట్టేశాడు.

మూడు రోజులు పేర్లు కొట్టాను. టీచరు, టీచరు, టీచరు. రెండు వందల పదిసార్లు. మిషను చప్పుడుకి చెవులు దిబ్బళ్ళు వేశాయి, వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఏ స్పూను దగ్గరో నాకు దుఃఖం వస్తుందని ఎదురుచూశాను. నూరయ్యాయి, నూట యాభై అయ్యాయి. ఆఖరిది కూడా అయిపోయింది. తుడిచి, కట్టలు కట్టి పంపించాను.

పెద్దకర్మ ఆవిడ ఇంటి ముందు టెంటు వేసి చేశారు. భోజనాల కవరూ కర్మ కవరూ సరిపోయాయని తమ్ముడు చెప్పాడు, వంటవాళ్ళ దగ్గర రెండు కూరలు తగ్గిస్తే. పప్పూ, వంకాయ కూరా, పెరుగూ పెట్టారు. దారికి పక్కన బల్ల మీద స్పూన్లు పెట్టుకుని మా ఆవిడ కూర్చుంది. చేతులు కడుక్కున్నవాళ్ళు ఒక్కొక్కరే అటుగా వెళ్ళి తీసుకుంటున్నారు. మేము ముప్పై మందిమి చేతులు కడుక్కుని, పంపు దగ్గరే గోడనానుకుని నిలబడ్డాం. చిన్నప్పుడు శేషం రాయనందుకు క్లాసు బయట నిలబెట్టేవారు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు గానీ, అందరికీ గుర్తొచ్చే ఉంటుంది.

పక్కింటి ముసలావిడ స్పూను తీసుకుని, చీర చెంగుతో తుడిచి, అక్షరాలు కూడబలుక్కుని చదివి, రొంటిన దోపుకుంది. "ఉత్తచేతుల్తో పంపలా టీచరమ్మ" అంటూ మా ముందునుంచే వెళ్ళింది. తమ్ముడు గడప దగ్గర నిలబడి ఉన్నాడు. విన్నాడు. తల దించుకోలేదు.

అందరూ వెళ్ళాక నాలుగు బిళ్ళలూ ఆయన చేతిలో పెట్టబోయాను. "ఇరవై రూపాయలకేందయ్యా" అని నా జేబులోనే వేశాడు.

నా దగ్గర ఆవిడ స్పూను లేదు. మర్నాడు కొట్టు తీశాక నిచ్చెన వేసుకుని పై అరలోంచి క్యారేజీ దింపాను. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, పదమూడేళ్ళ కిందటి నా వంకర రాత. దుమ్ము తుడిచి, అడుగు గిన్నెలో నాలుగు బిళ్ళలూ వేసి, గొళ్ళెం పెట్టి, ఎక్కడిది అక్కడ పెట్టాను.

మా కొట్టు మెయిన్ రోడ్డు మీద ఉంది. దాచేపల్లి వైపు నుంచి సిమెంటు లారీలు వచ్చినప్పుడల్లా అరలు అదురుతాయి. అదిరినప్పుడు పైన క్యారేజీలో బిళ్ళలు గలగలమంటాయి. బేరం ఆడుతున్నవాళ్ళు ఓసారి ఆగి పైకి చూస్తారు. నేను కాగితం మీద లెక్క వేస్తూనే ఉంటాను, కింద గీత గీసి, ఎంత మిగిలిందో రాస్తాను.